పలకరింపు మానిన యంత్రం

గుట్టకిందపల్లె పంపుహౌసు గడప మీద ఆపరేటరు పాపన్న బోర్లా పడి ఉన్నాడు, తలుపు పక్క వేపమొక్క ఆకులు తెల్లబారి వేలాడుతున్నాయి, అదే సమయంలో అనంతపురం ఆఫీసులోని కంప్యూటరు తెర మాత్రం ఆ పంపుహౌసు నిక్షేపంగా ఉన్నట్టు చూపిస్తోంది.

పొద్దున్నే నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు అతన్ని చూశారు. ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని, కాళ్ళు పట్టుకుని దూరంగా ఈడ్చారు. నీళ్ళు శుభ్రం చేయడానికి వాడే క్లోరిన్ గ్యాసు సిలిండరు మూతి దగ్గర ముందురోజు సాయంత్రం నుంచీ కారుతూ ఉంది. పాపన్న చావలేదు. అనంతపురం పెద్దాసుపత్రిలో కళ్ళు తెరిచాడు. గొంతు మాత్రం కాలిపోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు.

మాట లేని మనిషి మీద నేరం మోపడం మహా తేలిక. ఆ తేలిక పనిని గంగాధరప్ప ఆ మధ్యాహ్నానికే ముగించాడు.

గంగాధరప్ప జలరేఖ సంస్థకు డైరెక్టరు. చిత్రావతి ఏటి ఇసుకలో బావులు దించి కరువు పల్లెలకు నీళ్ళు తోడే సంస్థ అది. ఆకాశం ఏటా మొండిచేయి చూపే జిల్లాలో నీళ్ళిచ్చేవాడికి దండలు వాటంతటవే వస్తాయి. గంగాధరప్ప వాటికి మెడ వంచడం తప్ప వేరే వ్యాయామం చేసి ఎరగడు. పైగా 1989లో ఈ పక్క జిల్లాల్లో ఎవరి దగ్గరా లేని వస్తువు ఆయన దగ్గర ఉంది. ప్రతి పంపుహౌసులో ఒక చిన్న కంప్యూటరు, అనంతపురంలో వాటన్నిటికీ పెద్ద దిక్కుగా సర్వరనే పెద్ద కంప్యూటరు, మధ్యలో టెలిఫోను తీగ. గ్యాసు కారితే పంపుహౌసులోని మీటరు వాసన పసిగడుతుంది, చిన్న కంప్యూటరు పెద్దదానికి కబురు పెడుతుంది, డైరెక్టరు గది తలుపు మీద బెల్లు మోగుతుంది, గోరంట్లలో కాచుకున్న జీపు గ్యాసు ముసుగులతో బయల్దేరుతుంది. తీగ తెగినా సరే, బెల్లు మోగాలి.

ఈసారి బెల్లు మోగలేదు. కాబట్టి, గంగాధరప్ప పోలీసులకు రాసిచ్చిన ఫిర్యాదు ప్రకారం, పాపన్న తాగిన మైకంలో మీటరు తీగ పీకేసి ఉండాలి. ఉద్యోగం పోవడం ఖాయం. నేరం రుజువైతే జైలు. ఆసుపత్రి మంచం పక్కన అప్పుడే ఒక కానిస్టేబులు స్టూలు వేసుకుని కూర్చున్నాడు, ఊపిరి తీసుకోలేని మనిషి ఎక్కడికి పారిపోతాడోనని.

కేసు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సోమప్ప చేతికి వచ్చింది. సోమప్పకు ప్రపంచంలో నచ్చే వస్తువులు తక్కువ. అధికారులు రాసిన ఫిర్యాదులు ఆ కొద్దిపాటి జాబితాలో లేవు.

మొదట సర్వరు గదికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర బంట్రోతు ఆయన బూట్లు విప్పమన్నాడు. దుమ్ము పడితే యంత్రం పాడవుతుందట. జిల్లా మొత్తం గొంతు తడుపుకోవడానికి చుక్క లేక అల్లాడుతుంటే ఈ గదిలో యంత్రానికి మాత్రం పగలూ రాత్రీ చల్లగాలి. సోమప్ప బూట్లు విప్పాడు. చిల్లుపడ్డ మేజోడులోంచి బయటపడ్డ బొటనవేలితోనే డైరెక్టరు ముందు నిలబడ్డాడు. గంగాధరప్ప ఆ వేలిని చూసి, మర్యాద కోసం చూపు తిప్పుకోవాల్సింది పోయి, ఇంకాసేపు చూశాడు.

తెర మీద పంపుహౌసుల పేర్లు ఒకదాని కింద ఒకటి ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. గుట్టకిందపల్లె కూడా అందులో ఉంది. పేరు పక్కన ‘లైనులో ఉంది’ అన్న మాట.

గంగాధరప్ప ఆ మాట మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడికి అక్షరాలు నేర్పే గొంతుతో వివరించాడు. లైను బతికి ఉంది. మీటరు పనిచేసి ఉంటే కబురు వచ్చేది. కబురు రాలేదు. అంటే మీటరు పీకేశారు. పీకింది లోపల ఉన్నవాడే. దుర్గాష్టమి సాయంత్రం నుంచి ఈ పొద్దు వరకు తన పంపుహౌసుల్లో ఒక్క లైను కూడా ఒక్క క్షణం తెగలేదని, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి ఆయుధపూజ నాడు ఇది చూసి తనకు శాలువా కప్పి పోయాడని కూడా చెప్పాడు. శాలువా గోడకు తగిలించి ఉంది, అద్దం వెనక.

పాపన్న తాగాడని ఎవరు చెప్పారని సోమప్ప అడిగాడు. వాసన వచ్చిందని పల్లెలో అనుకుంటున్నారట.

“గ్యాసు కంపుకు ఊర్లో మేకలు గూడా పరిగెత్తినాయంట. ఆ కంపులో సారాయి వాసన పట్టిన ముక్కు ఎవుర్దో చెప్పండి సార్, మా స్టేషన్‌లో కుక్క ముసలిదైపోయింది” అన్నాడు సోమప్ప.

మీరు పంపుహౌసుకు వెళ్ళి చూశారా అని సోమప్ప అడిగితే, చూడాల్సిన అవసరం యంత్రం ఉన్నవాడికి ఉండదని గంగాధరప్ప జవాబిచ్చాడు.

సోమప్ప వెళ్ళి చూశాడు.

గోరంట్ల దాటి మట్టిరోడ్డెక్కాక టెలిఫోను స్తంభాలు వరసగా వచ్చాయి. స్తంభాలు ఉన్నాయి, తీగ లేదు. రాగితీగ దొంగలు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చక్కగా చుట్ట చుట్టుకుని పోయారు. అనంతపురంలో ‘లైనులో ఉంది’ అని మెరుస్తున్న లైను ఇది. జీపు తోలుతున్న కానిస్టేబులు అది చూసి నోరు తెరిచాడు. సోమప్ప మూసుకోమన్నాడు, దుమ్ము పోతుందని.

పంపుహౌసులో గ్యాసు గాలికి చెదిరిపోయింది. మీటరు గోడకు ఉన్నచోటే ఉంది. దాని తీగ ఎవరూ పీకలేదు. చిన్న కంప్యూటరు మీద ఎర్రదీపం వెలిగి ఆరుతూ ఉంది. కబురు పంపాలని చూస్తూ, పంపలేక, అది ఇంకా అరుస్తూనే ఉంది. దాని నెత్తి మీద కుంకుమబొట్టు, మెడలో ఎండిన బంతిపూల దండ. గడప దగ్గర పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ ముక్కలు ఒక మూలకు చీపురుతో తోసి ఉన్నాయి.

పాపన్న భార్య కదిరమ్మ పక్కనే ఉన్న గదిలో మొగుడి బట్టలు సంచిలో సర్దుతోంది. ఆసుపత్రికి పోయే బస్సు కోసం. పోలీసును చూసి నిలబడిందే గానీ భయపడలేదు. భయపడాల్సినదంతా ఆమెకు అప్పుడే అయిపోయింది.

తీగ ఎప్పుడు పోయిందని సోమప్ప అడిగాడు.

“పండగైన రెండు దినాలకే పోయినాది సార్” అంది కదిరమ్మ. “ఊరంతా చూసినారు.”

“మరి ఆఫీసుకు పోయి చెప్పలేదేంమ్మా?”

“ఎందుకు చెప్పల్ల? తీగ పోతే ఆడ బెల్లు మోగుతాది గదా. పోయినేడు రెండు తూర్లు తీగ పోయింటే, తట్టలో సంగటి ఆరక ముందే జీపు వచ్చినాది. ‘లైను లేదు, సిలిండరు మూసెయ్యప్పా, లైను వచ్చేదంకా బ్లీచింగు పొడి కలుపు’ అని చెప్పి పోయినారు. ఈసారి గూడా వస్తారులే అనుకుంటిమి. రాలేదు. రాలేదంటే వాళ్ళకు అక్కర్లేదేమో, గ్యాసు వాడుకోవచ్చేమో అనుకున్యాడు మా ఆయన.”

ఈ జిల్లాలో మనుషులు ప్రభుత్వాన్ని నమ్మరు, వానను నమ్మరు, వియ్యంకుణ్ణి అసలే నమ్మరు. ఆ బెల్లును మాత్రం నమ్మారు. ఎందుకంటే అది ఒకటిరెండు సార్లు నిజంగా పనిచేసింది.

సోమప్ప బంతిపూల దండ వైపు చూశాడు. పూజ ఎప్పుడు చేశారని అడిగాడు. అందరూ చేసే మహానవమి నాడేనని ఆమె చెప్పింది. ఆ రోజు యంత్రాన్ని ఏం చేశారు?

“ఆపేసినాము సార్. ఆయుధపూజ పొద్దు పనిముట్టుకు రెస్టు గదా. మోటరు ఆపినాము, ఈ డబ్బా ఆపినాము. తెల్లారి విజయదశమి నాడు కొబ్బరికాయ కొట్టి మల్లీ స్విచ్చి వేసినాడు. మీరు మీ తుపాకులకు పూజ చేస్తే ఆ పొద్దు కాలుస్తారా?”

కాల్చరు. సోమప్ప స్టేషన్లో కూడా ఆ రోజు తుపాకులన్నీ వరసగా పడుకోబెట్టి బొట్లు పెట్టారు. జీపు కూడా కదల్లేదు. ఆ పూట ఎవరో కోడి పోయిందని ఫిర్యాదు తెస్తే రేపు రమ్మన్నారు.

అయితే చిన్న విషయం ఒకటి మిగిలింది. నవమి నాడు రోజంతా ఆపేసి, దండ వేసి, దణ్ణం పెట్టిన యంత్రం, అనంతపురం తెర మీద ఒక్క క్షణం కూడా తెగకుండా ఎలా బతికి ఉంది?

సమాధానం ధర్మవరంలో కామెర్లతో పడుకుని ఉంది. దాని పేరు రామదాసు. ఈ యంత్రాలన్నిటినీ అమర్చిన ఇంజనీరు. దసరాకు ఇంటికొచ్చి మంచం పట్టాడు, మళ్ళీ అనంతపురం మొహం చూడలేదు. ఇంటినిండా పట్టుమగ్గాల చప్పుడు. సోమప్ప వెళ్ళేసరికి కళ్ళు పసుపుగా, గోడకు ఆనుకుని మజ్జిగన్నం తింటున్నాడు. చెప్పింది విని ముద్ద చేతిలోనే ఆపేశాడు.

అతను విప్పి చెప్పిన సంగతి ఇది. సర్వరుకూ పంపుహౌసుకూ మధ్య సంబంధాన్ని టీసీపీ అనే పద్ధతి నడుపుతుంది. చెప్పుకోవాల్సిన కబురు లేకపోతే రెండూ మౌనంగా ఉంటాయి. ఆ మౌనం సుఖంగా ఉండడం వల్లా, తీగ తెగడం వల్లా అని సర్వరుకు దానంతటదే తెలియదు. అడగాలి. అందుకని కొంతసేపు మౌనం గడిచాక ‘ఉన్నావా?’ అని చిన్న పలకరింపు పంపుతుంది. కీప్ అలైవ్ అంటారు దాన్ని. అవతలిది ‘ఉన్నా’ అంటే సరే. కొన్ని పలకరింపులకు వరసగా జవాబు రాకపోతే లైను చచ్చినట్టు లెక్కగట్టి బెల్లు మోగిస్తుంది. ఎంత మౌనం తర్వాత పలకరించాలన్నది మనిషి ఇచ్చే అంకె. తయారుచేసినవాళ్ళు రెండు గంటలు పెట్టి పంపారు. గ్యాసుతో పని కాబట్టి రామదాసు దాన్ని ఐదు నిమిషాలకు దించాడు.

“ఆ అంకె పెంచితే?” అన్నాడు సోమప్ప.

“పెంచితే, అంతసేపూ చచ్చినోడు గూడా బతికినట్టే కనపడతాడు సార్.”

“ఎవురికి తెలుసు ఆ అంకె మార్చేది?”

రామదాసు గిన్నె కింద పెట్టాడు. “నాకు. ఇంకొకాయనకు. నేర్పించమని అడిగినాడు. డైరెక్టరు నేర్చుకుంటా అంటే సంతోషపడి నేనే నేర్పించినా.”

పసుపు కళ్ళ మనిషిని జీపులో కూర్చోబెట్టుకుని సోమప్ప అనంతపురం తిరిగొచ్చాడు. ఈసారి బూట్లు విప్పలేదు. బంట్రోతు ఏదో అనబోయి ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

గంగాధరప్ప కుర్చీలోంచి లేవలేదు. స్తంభాల సంగతి చెబితే, దొంగలు ప్రమాదం తర్వాత కోసుకుపోయి ఉంటారన్నాడు. మీటరు తీగ సంగతి చెబితే, పాపన్న పెళ్ళాం మళ్ళీ తగిలించి ఉంటుందన్నాడు. ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక జవాబు ఉంది. ప్రతి జవాబులోనూ తప్పు ఇంకొకరిది.

సోమప్ప వాదించలేదు. ఆయుధపూజ బాగా జరిగిందా అని కుశలం అడిగాడు. బ్రహ్మాండంగా జరిగిందన్నాడు గంగాధరప్ప. అన్ని పంపుహౌసుల్లోనూ చేశారా? అన్నిట్లోనూ. తానే సర్క్యులరు పంపాడు. యంత్రాలు ఆపేసి, శుభ్రంగా తుడిచి, పూజ చేయమని.

“అంటే నవమి నాడు పంపుహౌసుల్లో కంప్యూటర్లన్నీ ఆపేసింటిరి.”

“ఔను. ఆచారం గదా.”

“అదే నవమి నాడు ఒక్క లైను గూడా తెగలేదని హైదరాబాదు ఆయనకు చూపించి శాలువా కప్పించుకుంటిరి.”

గంగాధరప్ప తెర వైపు చూశాడు. పేర్లన్నీ ఆకుపచ్చగా, విధేయంగా మెరుస్తున్నాయి. అబద్ధం చెప్పే యంత్రం ముందు కూర్చున్నవాడి ముఖంలో ఉండాల్సిన ఆశ్చర్యం ఆయన ముఖంలో లేదు. అది సోమప్ప గమనించాడు.

రామదాసు సర్వరు ముందు కూర్చుని మీటలు నొక్కాడు. గుట్టకిందపల్లె పేరు మీద రెండు సంబంధాలు తెరిచి ఉన్నాయి. ఒకటి అష్టమి నాటిది. పూజకు ఆపేసినప్పుడే చచ్చిపోయింది, సర్వరుకు తెలియదు. రెండోది దశమి నాడు పంపుహౌసు మళ్ళీ లేచి కలిపింది. తీగ పోయినప్పుడు అదీ చచ్చిపోయింది, అదీ తెలియదు. రెండు శవాలను పక్కపక్కన కూర్చోబెట్టుకుని సర్వరు అంతా క్షేమమని చెబుతోంది. పలకరింపు అంకె దగ్గరకు వచ్చేసరికి రామదాసు వేళ్ళు ఆగిపోయాయి. నెల రోజులు. నెల మౌనంగా ఉంటే తప్ప ‘ఉన్నావా’ అని అడగొద్దని ఎవరో యంత్రానికి చెప్పారు.

అప్పటికి గంగాధరప్పకు మాట దొరికింది. అంకెలతో ఆడేది రామదాసేనని, అంకె మార్చేసి లీవు మీద పోయి పడుకున్నాడని, కామెర్లు కూడా అబద్ధమేమో డాక్టరుకు చూపించమని అన్నాడు. కామెర్లు పక్కనే పచ్చగా కూర్చుని ఉన్నాయి.

రామదాసు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే నోరు విప్పాడు. అంకె మారిస్తే సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, లేకపోతే మార్పు అమలు కాదని చెప్పాడు. ఆపినప్పుడు లైన్లన్నీ తెగి కొత్తగా కలుస్తాయి. లెక్క అక్కణ్ణుంచి మొదలవుతుంది.

సోమప్ప డైరెక్టరు వైపు తిరిగాడు.

“మీ లెక్క అష్టమి సాయంత్రం నుంచి మొదలయితాంది. మీరే చెప్పినారు, నేను అడక్కుండానే. ఈ పిల్లోడు ఆ పొద్దు తెల్లారే ధర్మవరం బస్సెక్కినాడు. ఆ వీధి వీధంతా వాణ్ణి చూసినాది. సాయంత్రం ఈ గదిలో మిషను ఆపి మల్లీ లేపిందెవురు సార్? మీ బంట్రోతా? వాడు నా బూట్లను దాటి ఆలోచించే రకం కాదే.”

గంగాధరప్ప శాలువా వైపు చూశాడు. దాన్ని అక్కణ్ణుంచి తీయాల్సి వస్తుందన్న బాధ ఒక్కటే ఆ ముఖంలో ఉంది. ఆసుపత్రిలో పడి ఉన్న మనిషి పేరు ఆ రోజంతా ఆయన నోటివెంట ఒక్కసారి కూడా రాలేదు. సోమప్ప ఆ పేరు పలికాడు. పాపన్నకు గొంతు తిరిగొస్తుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారని, అతని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలని, ఆ ఒకరు మీరేనని చెప్పి, కానిస్టేబుల్ని కాగితం, కలం తీసుకుని కూర్చోమన్నాడు.

గంగాధరప్ప కుర్చీని తెర వైపు నుంచి ఇటు తిప్పుకున్నాడు. తర్వాత మాట్లాడాడు. గొంతులో పశ్చాత్తాపం ఉందేమోనని సోమప్ప చెవి పెట్టాడు. విసుగు ఒక్కటే ఉంది.

“రాసుకోప్పా. నేనే మార్చినా. ఏం చేయమంటావు? నవమి నాడు ప్రతి పంపుహౌసోడూ డబ్బా ఆపి బొట్టు పెడతాడు. ఆపితే ఈడ బెల్లు మోగుతాది. ఒకటి ఆగితే ఇంకొకటి, పొద్దంతా మోగుతానే ఉంటాది. హైదరాబాదు నుంచి పెద్దాయన వచ్చి హారతి కళ్ళకద్దుకునే టయానికి నెత్తి మీద చావుగంట మాదిరి అది మోగల్లా? అందుకే అష్టమి సాయంత్రం అంకె పెంచి, మిషను ఆపి లేపినా. దశమి అయినాక మల్లీ తగ్గిస్తామనే అనుకున్యా. ఆయన తెర చూసి, ఇంత బాగా నడిచే సంస్థ యాడా చూడలేదని శాలువా కప్పినాడు. ఇంక యాడ తగ్గించేది? తగ్గిస్తే మల్లీ బెల్లు, మల్లీ జీపు, తీగ ఎందుకు పోయినాదని పైనుంచి ప్రశ్నలు. పది దినాలు ఈ గదిలో నేను ప్రశాంతంగా కాఫీ తాగినా. పాపన్న మీటరు ముట్టలేదు. తాగినాడని నేనే రాసినా, చూడకుండానే రాసినా. వాడు గడప మీద పడి ఉన్నప్పుడు మిషను నాకు అబద్ధం చెప్పలేదు సోమప్పా. అది వాణ్ణి అడగనే లేదు. అడగొద్దని దానికి చెప్పింది నేనే.”